అప్‌డేట్: సైకిల్‌కి మోటార్, బ్యాటరీ ఖాయం చేశాను

మెహదీపట్నం నుంచి జూబ్లీహిల్స్ ఆఫీసుకి వెళ్లడానికి పాత సైకిల్‌ని ఎలక్ట్రిక్ చేసుకోవాలి, ఏ మోటార్, ఏ బ్యాటరీ కొనాలని అడిగాను కదా. సలహా చెప్పిన అందరికీ చాలా థాంక్స్.

మోటార్ వెనక చక్రానికి 36 వోల్టుల, 250 వాట్ల గేర్డ్ హబ్, అంటే చక్రం మధ్యలోనే ఉండే, లోపల గేర్లున్న మోటార్. గేర్లు లేనిది చప్పుడు చేయదు గానీ బరువెక్కువ, చెక్‌పోస్ట్ వైపు ఎత్తుల్లో నెమ్మదిగా ఎక్కేటప్పుడు లాగలేదు. ఇంతకంటే పెద్దది వద్దనుకున్నాను. 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం హద్దు దాటితే రిజిస్ట్రేషన్, లైసెన్స్ అన్నీ కావాలి.

అసలు టెన్షన్ బ్యాటరీదే. లిథియం బ్యాటరీల్లో ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకం తేలిక, చిన్నది. అయినా మన మే నెల ఎండలో బయట నిలబెట్టే బండికి ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమే మేలనిపించింది. వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువ ఏళ్లు వస్తుంది. 12 సెల్స్ సిరీస్‌లో, 38.4 వోల్టులు, 10 యాంపియర్ అవర్లు, అంటే 384 వాట్ అవర్లు. పెడల్ తొక్కుతూ వెళ్తే రానూ పోనూ హాయిగా సరిపోతుంది. మోటార్‌కి కరెంటు అందించే కంట్రోలర్ 15 యాంపియర్లు, బ్యాటరీని కాపాడే సర్క్యూట్ బీఎంఎస్ 20 యాంపియర్లు.

ఒక్క జాగ్రత్త: దీని ఛార్జర్ 43.8 వోల్టులు. 10 సెల్స్ ఎన్‌ఎంసీ ప్యాక్‌కి హద్దు 42, కాబట్టి దానికి ఇది పొరపాటున కూడా పెట్టకండి.

వైర్లు, కనెక్టర్లు కోఠి గుజరాతీ గల్లీలో చూస్తాను. ఇరుసు తిరగకుండా పట్టుకునే గట్టి టార్క్ ఆర్మ్ సిటీలో ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి.