దీవుల ఫెర్న్‌ల వంశవృక్షం: రెండు జన్యువులు రెండు రకాలుగా చెబుతున్నాయి, దారి చూపగలరా?

నమస్కారం. నేను విశాఖపట్నంలో వృక్షశాస్త్రంలో ఎంఎస్సీ చదువుతూ, హవాయి దీవుల ఆస్ప్లీనియం అనే ప్రజాతి ఫెర్న్‌ల (పువ్వులు లేని, సిద్ధబీజాలతో వ్యాపించే మొక్కల) మధ్య బంధుత్వాన్ని జెన్‌బ్యాంక్ అనే బహిరంగ సమాచార నిధిలోని డీఎన్ఏ వరుసల ఆధారంగా తేల్చే ప్రయత్నం చేస్తున్నాను. పోలిక కోసం అనంతగిరి కొండల నుంచి తెచ్చిన ఒక ఆస్ప్లీనియంను కూడా చేర్చాను. సిలికా జెల్‌లో ఆరబెట్టిన దాని ఆకు పచ్చగానే ఉన్నా, తీసిన డీఎన్ఏ మాత్రం రెండుసార్లు గోధుమరంగు జిగురైంది; లేత ఆకు తీసుకుని, మలినాలను పట్టి ఉంచే పీవీపీ అనే రసాయనం కలిపాకే శుభ్రంగా వచ్చింది.

అసలు చిక్కు ఇది: హరితరేణువుల్లోని ఆర్‌బీసీఎల్ జన్యువుతో గీసిన వృక్షంలో పక్కపక్కనే ఉన్న రెండు జాతులు, కేంద్రకంలోని జన్యువుతో గీసినప్పుడు దూరపు కొమ్మల్లోకి వెళ్తున్నాయి. ఫెర్న్‌లలో హరితరేణువులు సాధారణంగా తల్లి వైపు నుంచే సంక్రమిస్తాయి, పైగా సంకరణం (వేర్వేరు జాతులు కలిసి సంతానం ఇవ్వడం), క్రోమోజోమ్ సముదాయాలు రెట్టింపు కావడం వాటిలో తరచుగా జరిగేవే కాబట్టి, దీన్ని సంకరణమని భావించవచ్చా? లేక ఒకే జన్యువు తాలూకు వేర్వేరు నకళ్లను నేను పొరపాటున పోల్చి ఉంటానా? ఈ రెంటినీ వేరుచేసి చూపే పరీక్ష ఏది?

మరొక సందేహం. హవాయి దీవుల్లో ఒకటైన కవాయి వయసు సుమారు 50 లక్షల ఏళ్లు. దాన్ని కొమ్మలు చీలిన కాలానికి గరిష్ఠ హద్దుగా పెట్టడం సరైనదేనా? గాలిలో తేలివచ్చే సిద్ధబీజాలు, ఇప్పుడు సముద్రంలో మునిగిపోయిన పాత దీవులకు అంతకు చాలా ముందే చేరి ఉండవచ్చు కదా. ఫెర్న్‌లపై పనిచేసిన అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.