థార్‌తో కొబ్బరి మొద్దులు లాగొచ్చా?

అమలాపురం దగ్గర మా పెరట్లో చచ్చిపోయిన కొబ్బరి చెట్లు నాలుగు కొట్టించాం, మొద్దులు అలాగే ఉండిపోయాయి. జేసీబీ లోపలికి రావాలంటే ప్రహరీ పగలగొట్టాలి. మా బావమరిది ఫోర్ బై ఫోర్ థార్ జీపు ఉంది కదా, గొలుసు కట్టి లాగేద్దాం అంటున్నాడు. ఎవరైనా చేశారా అండి?

— చేశానండి, ఒకటి వచ్చింది, రెండోదానికి బంపర్ వచ్చింది! కొబ్బరికి తల్లివేరు ఉండదు గానీ సన్న వేళ్లు వందల కొద్దీ చుట్టూ పట్టుకుని ఉంటాయి. ముందు గునపంతో చుట్టూ తవ్వి వేళ్లు నరికించండి, ఆ తర్వాతే బండి. లో రేంజ్‌లో (ఫోర్ బై ఫోర్‌లో బలంగా, నెమ్మదిగా లాగే గేరు) పెట్టి మెల్లగా లాగాలి, వెనక్కొచ్చి ఒక్కసారిగా ముందుకు దూకించారంటే ఛాసిస్‌కే దెబ్బ.

— గొలుసు వెనక టో బాల్‌కి (ట్రైలర్ తగిలించే గుండుకి) కట్టొద్దు, ఛాసిస్ హుక్‌కే కట్టండి. అది తెగి వెనక్కి కొడితే మనిషి బతకడు, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకే రానివ్వకండి. ఇంకో మాట, మన ఒండ్రు నేల తడిగా ఉంటే మొద్దు కదలడం సంగతి తర్వాత, ముందు బండే దిగబడుతుంది. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక చూడండి.

— ఎలాగైనా తీయించేయండి, మొద్దు కుళ్లితే కొమ్ము పురుగు అందులోనే గుడ్లు పెట్టి మిగతా చెట్ల మొవ్వు తినేస్తుంది.

— థాంక్సండీ. బావమరిదికి ముందు గునపం ఇస్తాను.