థైరాయిడ్ తక్కువుంటే ప్రొలాక్టిన్ పెరుగుతుందా?

దేవరకొండ అక్క:
మా చెల్లెకు 26 ఏళ్లు, పిల్లల కోసం చూస్తున్నారు. కొన్నాళ్లుగా పీరియడ్స్ సరిగ్గా రావడం లేదు, ఒళ్లు బరువెక్కింది, పొద్దంతా నిద్రమత్తు. నల్గొండలో చూపిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుందట) 38, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) 52 వచ్చాయి. డాక్టరమ్మ థైరాయిడ్ మాత్ర ఒక్కటే రాసింది. ప్రొలాక్టిన్ పెరిగిందంటే తలలో గడ్డ ఉన్నట్టేనట, హైదరాబాద్ తీసుకుపోయి స్కానింగ్ చేయిద్దాం అని ఇంట్లో ఒకటే టెన్షన్. రెండింటికీ ఏమన్నా సంబంధం ఉందా?

నర్సింగ్ చెల్లె:
ఉంది అక్కా. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే మెదడులోని హైపోథలామస్ టీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది, దాంతో మెదడు కిందుండే పిట్యుటరీ గ్రంథి నుంచి టీఎస్‌హెచ్‌తో పాటు ప్రొలాక్టిన్ కూడా ఎక్కువ వస్తుంది. ప్రొలాక్టిన్ మామూలుగా ఆడవాళ్లకు 25 లోపు ఉంటుంది. పెద్ద గడ్డ ఉంటే సాధారణంగా 200 దాటుతుంది. 52 చూసి చిన్న గడ్డ కూడా లేదని చెప్పలేం, కానీ టీఎస్‌హెచ్ 38 ఉన్నప్పుడు ముందు దాన్ని దించాలి. ఇంకో సంగతి, థైరాయిడ్ బాగా తగ్గినవాళ్లకు పిట్యుటరీయే ఉబ్బి స్కానింగ్‌లో గడ్డలా కనబడొచ్చు, మందు వాడితే అదే తగ్గుతుంది. అందుకే డాక్టరమ్మ తొందరపడలేదు అనుకుంటా. ఆరు నుంచి ఎనిమిది వారాలకు రెండూ మళ్లీ చేయించండి. విడవని తలనొప్పి, చూపు తగ్గడం ఉంటే మాత్రం ఆగకండి.

పాలమూరు మెడికల్ షాప్:
గ్యాస్‌కు క్యాప్సూల్ ఏమన్నా వేసుకుంటుందా? పాంటోప్రజోల్‌తో కలిపి డాంపెరిడోన్ గానీ లెవోసల్పిరైడ్ గానీ ఉండేవి మా దగ్గర రోజూ చీటీ లేకుండానే అడుగుతారు, ఈ రెండూ ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. మానసిక సమస్యలకిచ్చే కొన్ని మందులూ అంతే. పీరియడ్స్ తప్పుతున్నాయి కాబట్టి గర్భం పరీక్ష కూడా చేయించండి, గర్భంలోనూ పెరుగుతుంది.

మిర్యాలగూడ వదిన:
నాకూ ఇట్లనే వచ్చింది, థైరాయిడ్ దారికొచ్చాక ప్రొలాక్టిన్ వేరే మందు లేకుండానే దిగింది. మాత్ర పరగడుపున నీళ్లతోనే వేసుకోవాలి, అరగంట పైన ఆగాకే చాయ్. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు.

దేవరకొండ అక్క:
అడిగితే గ్యాస్ క్యాప్సూల్ రోజూ వేసుకుంటోందట, అట్ట మీద డాంపెరిడోన్ అనే ఉంది! డాక్టరమ్మకు ఆ సంగతి చెప్పనే లేదు. రేపు అట్ట తీసుకునే పోతాం.