స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీపీఎస్ వస్తున్నా కాల్‌లో గొంతు తెగుతోంది. తప్పు ఎక్కడ వెతకాలి?

రాగితీగ:

లైను 100 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్. స్పీడ్ టెస్ట్ ఎప్పుడు చేసినా ఇంచుమించు ఇవే అంకెలు. పింగ్ (చిన్న ప్యాకెట్ వెళ్ళి తిరిగొచ్చే సమయం) 12 మిల్లీసెకన్లు. 4కే వీడియోలు ఎక్కడా ఆగవు. బ్రౌజర్‌లో వీడియో కాల్ పెడితే మాత్రం అప్పుడప్పుడు ఇటు మాట ముక్కలుముక్కలుగా వస్తోందని అవతలివాళ్ళు అంటున్నారు. వాళ్ళ మాట ఇటు శుభ్రంగానే వినిపిస్తోంది.

అసలు ఒక కాల్‌కి ఎంత బ్యాండ్‌విడ్త్ పడుతుంది? ఒక వైపే తెగుతోందంటే దాన్నిబట్టి తప్పు ఎక్కడుందో చెప్పొచ్చా? ఇంకోటి, ఇదే లైన్ మీద సిప్ (ఇంటర్నెట్ మీద ఫోన్ కాల్స్ కలిపే పద్ధతి) సాఫ్ట్‌ఫోన్ యాప్‌తో కాల్ చేస్తే సరిగ్గా అర నిమిషానికి కట్ అవుతోంది. రెండూ ఒకే జబ్బా, వేర్వేరా?

అలల_లెక్క:

ముందు లెక్క చూద్దామండి. బ్రౌజర్ కాల్స్‌లో మాటని కుదించి పంపడానికి వాడేది ఓపస్ కోడెక్, 2012లో ప్రమాణంగా వచ్చింది. మైకులోంచి వచ్చిన ధ్వనిని మామూలుగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ముక్కకో ప్యాకెట్ చొప్పున పంపుతుంది. అంటే సెకనుకి 50 ప్యాకెట్లు. 32 కేబీపీఎస్ దగ్గర ఒక్కో ముక్క 80 బైట్లు. దానికి ఆర్‌టీపీ (మాట, వీడియో ప్యాకెట్లకి వాడే పద్ధతి) తలకట్టు 12, యూడీపీది 8, ఐపీది 20, ఎన్‌క్రిప్షన్ ముద్ర 10 కలిపితే 130 బైట్లు. సెకనుకి 50 కాబట్టి మొత్తం 52 కేబీపీఎస్. మీ అప్‌లోడ్‌లో దాదాపు 190వ వంతు. 720పీ వీడియోకి ఇంకో ఒకటిన్నర ఎంబీపీఎస్ వేసుకున్నా బోలెడు మిగులుతుంది.

కాబట్టి గొడవ వేగంతో కాదు, వేళతో. సినిమా చూపించే ప్లేయర్ పదుల సెకన్ల సరుకు ముందే తెచ్చి దాచుకుంటుంది, పోయిన ప్యాకెట్‌ని తీరిగ్గా మళ్ళీ అడిగి తెప్పించుకుంటుంది. కాల్‌కి ఆ వెసులుబాటు లేదు. నోటి నుంచి చెవిదాకా ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వారి జీ.114 సిఫారసు. అందులో ముక్క నిండడానికే 20 పోతాయి, ఓపస్ ముందుచూపుకి ఇంకో 6.5, రెండు చివర్లా సౌండ్ బఫర్లు కొంత తింటాయి. మిగిలిందాంట్లోనే నెట్‌వర్క్ ప్రయాణం, అవతల జిట్టర్ బఫర్ (ముందూవెనకా వచ్చే ప్యాకెట్లని కాసేపు ఆపి వరుసలో పెట్టేది) సర్దుకోవాలి. అందుకే, పోయిన ప్యాకెట్‌ని మళ్ళీ తెప్పించి వరుస తప్పకుండా అందించే టీసీపీ పద్ధతి పనికిరాదు. అందులో ఒక్క ప్యాకెట్ పోతే అది మళ్ళీ వచ్చేదాకా వెనకవన్నీ గుమ్మంలోనే నిలబడిపోతాయి. యూడీపీలో పోయింది పోయినట్టే, తర్వాతది దాని దారిన వస్తుంది.

మాట తెగడమంటే ఏమిటో దగ్గర్నుంచి చూడండి. ప్రతి ఆర్‌టీపీ ప్యాకెట్ మీద ఒక వరుస సంఖ్య, ఒక కాలముద్ర ఉంటాయి. ఓపస్‌లో కాలముద్ర ప్యాకెట్‌కి 960 చొప్పున పెరుగుతుంది (సెకనుకి 48,000 టిక్కుల గడియారం, అందులో 20 మిల్లీసెకన్ల వాటా). అవతలివైపు 4101, 4102, ఆ తర్వాత 4104 వచ్చాయనుకోండి. జిట్టర్ బఫర్ 4103 వినిపించాల్సిన క్షణం దాకా ఆగుతుంది. ఈలోగా వస్తే చోటులో పెట్టేస్తుంది. రాకపోతే 4104 పొట్టలో చూస్తుంది, ఎఫ్ఈసీ (ముందు ముక్క నకలుని తర్వాతి ప్యాకెట్‌లో జతచేసే పద్ధతి) ఆన్‌లో ఉంటే అందులో 4103కి తక్కువ నాణ్యతతో ఒక నకలు ఉండే అవకాశం ఉంది. అదీ లేకపోతే 4102లోని ధ్వని తరంగాన్నే సాగదీసి ఖాళీ పూడుస్తుంది. ఒక్క ముక్క ఇలా పోతే చెవికి తెలియదు. వరసగా నాలుగైదు పోతే అదే ఆ మరమనిషి గొంతు. ఇంకా ఎక్కువైతే నిశ్శబ్దం. ఆ తర్వాత ఆలస్యంగా వచ్చిన సరుకంతా బఫర్‌లో పోగుపడుతుంది కాబట్టి, దాన్ని కరిగించడానికి మాటని కొంచెం వేగంగా వినిపిస్తుంది. తెగిన వెంటనే గొంతు పరిగెత్తినట్టు ఉంటుందని అవతలివాళ్ళు అంటే, ప్యాకెట్లు పోలేదు, గుంపుగా ఆలస్యమయ్యాయి. ఈ తేడా అడిగి తెలుసుకోండి, చాలా పనికొస్తుంది.

వరుసలో_ఉండు:

మీ రెండో ప్రశ్నకి: అవును, చాలావరకు చెప్పొచ్చు. మీ మాట వాళ్ళకి తెగుతూ, వాళ్ళ మాట మీకు బాగుందంటే మీ అప్‌లోడ్ దారిని మొదట అనుమానించాలి. 10 ఎంబీపీఎస్ లైన్‌లో నేరస్తుడు చాలాసార్లు ఒకడే: మోడెమ్ బఫర్.

ఎలాగంటే, ఇంట్లో ఏ ఫోనో ఫోటోలు క్లౌడ్‌కి ఎక్కిస్తోంది అనుకోండి. ఆ అప్‌లోడ్ టీసీపీ మీద నడుస్తుంది, ప్యాకెట్లు పోయేదాకా వేగం పెంచుకుంటూనే పోతుంది. మోడెమ్ వాటిని పారేయకుండా తన బఫర్‌లో కుక్కుకుంటుంది. బఫర్ ఒక మెగాబైటు ఉందంటే అది 80 లక్షల బిట్లు, 10 ఎంబీపీఎస్‌లో ఖాళీ కావడానికి 800 మిల్లీసెకన్లు. మీ 130 బైట్ల మాట ముక్క ఆ వరుస చివర నిలబడాలి. ప్యాకెట్ ఒక్కటీ పోకపోయినా కాల్ నాశనం. చాలా స్పీడ్ టెస్ట్‌ల్లో ఇది కనబడదు, ఎందుకంటే అవి కొన్ని సెకన్ల సగటు చూపిస్తాయి, పైకి చూపే పింగ్‌ని లైను ఖాళీగా ఉన్నప్పుడు కొలుస్తాయి.

ఇలా పరీక్షించండి. రెండు విండోలు తెరిచి ఒకదాంట్లో రూటర్‌కి (సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1), రెండోదాంట్లో 8.8.8.8కి ఆగకుండా పింగ్ పెట్టండి. విండోస్‌లో ఆగకుండా నడవాలంటే చివర హైఫన్ టీ ఇవ్వాలి. అర నిమిషం ఊరికే చూసి, తర్వాత పెద్ద ఫైలు ఒకటి అప్‌లోడ్ మొదలెట్టండి. రూటర్ పింగ్ 2, 3 మిల్లీసెకన్ల దగ్గరే నిలకడగా ఉండి బయటి పింగ్ వందల్లోకి ఎగబాకితే మోడెమ్ వరుసే కారణం. రూటర్ పింగే 2, 90, 4, 210 అని ఎగిరెగిరి పడుతుంటే వైఫై. అప్పుడు లైన్ జోలికి పోకుండా ముందు ఒక ఈథర్‌నెట్ తీగ పెట్టి చూడాలి.

మోడెమ్ వరుస అయితే రూటర్ సెట్టింగుల్లో ఎస్‌క్యూఎం (ప్యాకెట్ల వరుసని అదుపులో పెట్టేది) ఉందేమో చూడండి. అందులో ఎఫ్‌క్యూ కోడెల్ గానీ కేక్ గానీ ఎంచుకుని, అప్‌లోడ్ పరిమితిని కొలిచినదాంట్లో 85–90 శాతానికి పెట్టాలి. మీకైతే 8.5 నుంచి 9 ఎంబీపీఎస్. ఇలా కావాలని తగ్గించడం వల్ల వరుస మోడెమ్‌లో కాకుండా రూటర్‌లో ఏర్పడుతుంది. రూటర్ ఒక్కో ప్రవాహాన్ని విడిగా చూసి పలచగా వచ్చే మాట ప్యాకెట్లని ముందు పంపిస్తుంది. పది శాతం వేగం పోతుందని చాలామంది వెనకాడతారు. పోనివ్వండి, దానికి దక్కే ప్రతిఫలం ఎక్కువ.

రాగితీగ:

పరీక్ష చేశాను. రూటర్ పింగ్ కదలకుండా 3. బయటి పింగ్ 12 నుంచి అప్‌లోడ్ మొదలవగానే 640కి వెళ్ళింది, ఆపగానే దిగింది. ఎస్‌క్యూఎం 8.5 దగ్గర పెట్టాక అప్‌లోడ్ నడుస్తున్నా 20 దాటట్లేదు. ఇక సిప్ సంగతి మిగిలింది.

తలుపుతట్టు:

అది వేరే జబ్బండి. కట్ అయ్యే క్షణాన్ని స్టాప్‌వాచ్‌తో కొలవండి. 32 సెకన్లైతే కారణం దాదాపు ఖాయం.

సిప్‌లో పిలుపు అందుకున్నవాళ్ళు ఫోన్ ఎత్తగానే 200 ఓకే అనే జవాబు వెళ్తుంది. పిలిచినవాళ్ళు దానికి అక్ పంపి ముట్టిందని చెప్పాలి. అక్ రాకపోతే అటువైపు 200 ఓకేని మళ్ళీ మళ్ళీ పంపి, 32 సెకన్లు చూసి కాల్ తెంచేస్తుంది. ఆ 32 ఎక్కడిదంటే, ప్రమాణంలో మూల గడువు అర సెకను, దానికి 64 రెట్లు. మాట ఆర్‌టీపీ మీద వేరే దారిలో పోతుంది కాబట్టి ఆ అర నిమిషం మాట బాగానే వినిపిస్తుంది, హఠాత్తుగా కట్ అవుతుంది.

అక్ ఎందుకు దారి తప్పుతుంది? సిప్ సందేశం లోపల కూడా ఐపీ చిరునామా రాసి ఉంటుంది. రూటర్‌లోని నాట్ (ఇంటి లోపలి చిరునామాని బయటి చిరునామాగా మార్చే ఏర్పాటు) బయటి కవరు మీద చిరునామా మారుస్తుంది, లోపలి ఉత్తరాన్ని ముట్టుకోదు. దాంతో అవతలివాళ్ళకి 192.168తో మొదలయ్యే చిరునామా ఇచ్చినట్టవుతుంది, దానికి బయటినుంచి ఎవరూ చేరలేరు. దీన్ని సరిచేద్దామని చాలా రూటర్లలో సిప్ ఏఎల్‌జీ అని ఒకటి పెట్టారు, అది ఉత్తరం విప్పి లోపల కూడా దిద్దుతుంది. సగంసగం దిద్ది ఉన్నది చెడగొట్టడం దానికి అలవాటు. మొదట దాన్ని ఆఫ్ చేయండి. తర్వాత సాఫ్ట్‌ఫోన్‌లో స్టన్ (తన బయటి చిరునామాని ఒక సర్వర్‌ని అడిగి తెలుసుకునే పద్ధతి) ఆన్ చేసి, రవాణాని యూడీపీ పోర్టు 5060 నుంచి, గుప్తీకరించి పంపే టీఎల్ఎస్ పోర్టు 5061కి మార్చండి. గుప్తీకరించిన ఉత్తరాన్ని ఏ రూటరూ దిద్దలేదు కదా. కాల్ నిలిచి ఒక వైపు మాటే వినిపించకపోయినా మూలం ఇక్కడే, కాకపోతే అప్పుడు తప్పు చిరునామా ఎస్‌డీపీ భాగంలో (మాటని ఎక్కడికి పంపాలో చెప్పే చోట) ఉంటుంది.

మీ బ్రౌజర్ కాల్స్‌కి ఈ బాధ లేకపోవడానికి కారణం ఐస్ అనే పద్ధతి. రెండు వైపులా తమకి ఉన్న చిరునామాలన్నీ పోగుచేస్తాయి: సొంతది ఒకటి, స్టన్ సర్వర్‌ని అడిగి తెలుసుకున్న బయటి చిరునామా ఒకటి, మధ్యలో ఉండి ప్యాకెట్లని దాటించే టర్న్ సర్వర్ దగ్గర అద్దెకి తీసుకున్నది ఒకటి. ఆ జాబితాలు మార్చుకుని ప్రతి జంటనీ తట్టి చూస్తాయి. నేరుగా దారి దొరికితే అదే, ఎక్కడా దొరక్కపోతే టర్న్ మీదుగా. ఆఫీసు ఫైర్‌వాల్ యూడీపీని పూర్తిగా ఆపేసినచోట టర్న్‌ని కూడా టీసీపీ పోర్టు 443 మీద నడపాల్సి వస్తుంది. అప్పుడు పైన అలల_లెక్క గారు చెప్పిన గుమ్మంలో నిలబడే బాధ తిరిగొస్తుంది. కాల్ కలుస్తుంది గానీ నాణ్యత అంతంతమాత్రం.

నలుగురితో:

ఒక చిన్న సవరణ. ఇద్దరి మధ్య కాల్‌కే ఆ నేరు దారి. నలుగురైదుగురు చేరితే దాదాపు అన్ని యాప్‌లూ మధ్యలో ఎస్ఎఫ్‌యూ (ఒకరు పంపింది మిగతావాళ్ళకి దాటించే) సర్వర్ పెడతాయి. ఐదుగురూ ఒకరికొకరు నేరుగా పంపుకోవాలంటే ఒక్కొక్కరూ నాలుగు కాపీలు పంపాలి, ఒకటిన్నర చొప్పున 6 ఎంబీపీఎస్ అప్‌లోడ్, పైగా నాలుగుసార్లు ఎన్‌కోడింగ్. ఎస్ఎఫ్‌యూ ఉంటే తన వీడియోని రెండు మూడు సైజుల్లో (180, 360, 720 గీతలు అనుకోండి) ఒక్కసారి సర్వర్‌కి పంపితే చాలు. ఎవరి లైన్‌కి ఏది తగునో అది వాళ్ళకి దాటిస్తుంది. చిన్న డబ్బాలో ఉన్న మనిషి మాట్లాడటం మొదలెట్టి పెద్దగా మారినప్పుడు ఒక క్షణం మసకగా కనబడటం సైజు మారుతున్నందుకే, నెట్ తప్పు కాదు.

వీడియో బిగుసుకుపోవడం కూడా మాట తెగడం లాంటిది కాదు. 720పీ వీడియోని కుదించకుండా పంపితే సెకనుకి 30 బొమ్మల చొప్పున దాదాపు 330 ఎంబీపీఎస్ కావాలి. ఒకటిన్నరకి దిగిందంటే, ప్రతి బొమ్మలో క్రితంబొమ్మకి వచ్చిన తేడా మాత్రమే పంపుతున్నారు కాబట్టి. అందుకే మధ్యలో ఒక్క ప్యాకెట్ పోయి, మళ్ళీ అడిగినా రాకపోతే దాని మీద ఆధారపడ్డ బొమ్మలన్నీ చెడతాయి. అవతలివైపు అప్పుడు పీఎల్ఐ అనే సందేశం పంపి పూర్తి బొమ్మ, అంటే కీఫ్రేమ్, అడుగుతుంది. కీఫ్రేమ్ మామూలు బొమ్మకి ఎన్నో రెట్లు పెద్దది. ఇరుకు లైన్‌లో అదే మళ్ళీ ప్యాకెట్లు పోగొట్టి ఇంకో కీఫ్రేమ్ అడిగిస్తుంది. ఈ సుడిలో పడితే కెమెరాని 360కి దించడమే మందు.

కారణం ఊహించక్కర్లేదు కూడా. క్రోమ్‌లో కాల్ నడుస్తుండగా ఇంకో ట్యాబ్‌లో వెబ్‌ఆర్‌టీసీ ఇంటర్నల్స్ పేజీ తెరవండి. అందులో క్వాలిటీ లిమిటేషన్ రీజన్ అన్న వరుసలో సీపీయూ అని ఉంటే కంప్యూటర్ అలిసిపోయింది, రూటర్‌ని తిట్టి లాభం లేదు. బ్యాండ్‌విడ్త్ అని ఉంటేనే లైన్ వైపు చూడండి. జిట్టర్ అక్కడ సెకన్లలో ఇస్తారు, 0.030 అంటే 30 మిల్లీసెకన్లు. ఎంచుకున్న చిరునామా రకం రిలే అని ఉంటే కాల్ టర్న్ మీదుగా వెళ్తోందని అర్థం.

చెవిలోపోరు:

నెట్ అంతా సరిచేశాక కూడా మాట బావిలోంచి వచ్చినట్టుందంటే బ్లూటూత్ హెడ్‌సెట్‌ని చూడండి. పాటలు వినేటప్పుడు అది ఏ2డీపీ పద్ధతిలో ఉంటుంది, అందులో మైకు లేదు. కాల్ మైకు అడగగానే హెచ్ఎఫ్‌పీకి మారుతుంది. అక్కడ పాత సీవీఎస్‌డీ కోడెక్ అయితే సెకనుకి 8,000 నమూనాలు, ఎమ్‌ఎస్‌బీసీ అయితే 16,000. వినేదీ మాట్లాడేదీ రెండూ పడిపోతాయి. హెడ్‌సెట్‌ని వినడానికి మాత్రం ఉంచి, యాప్ సెట్టింగుల్లో మైకుగా ల్యాప్‌టాప్‌దే ఎంచుకుంటే చాలాసార్లు రెండు వైపులా బాగుపడుతుంది.

అలాగే ప్రతిధ్వని. మీ గొంతు మీకే తిరిగి వినిపిస్తే మీ సామాను మార్చి ప్రయోజనం లేదు. అవతలి స్పీకర్‌లోంచి వచ్చిన మీ మాట వాళ్ళ మైకులో పడుతోంది, దాన్ని తీసేయాల్సిన ఎకో క్యాన్సెలర్ ఉన్నది అక్కడే. వాళ్ళని ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమనండి. గుంపులో ఎవరిదో తెలియకపోతే ఒక్కొక్కరినీ మ్యూట్ చేస్తూ పోండి. ఎవరు మ్యూట్ అయినప్పుడు ప్రతిధ్వని ఆగిందో వాళ్ళదే, తనకి మాత్రం ఏమీ వినిపించట్లేదనేదీ ఆ మనిషే.