జప్తు చేసిన బోటు వేలంలో పాడుకుంటే కలిసొస్తుందా? తెలిసినోళ్లు చెప్పండి

కొత్తపట్నం కుర్రోడు
అన్నలందరికీ నమస్తే. మా నాయనా నేనూ ఇన్నాళ్లూ వేరేవాళ్ల బోటు మీద వాటాకి పోతన్నాం, ఇప్పుడు సొంతంగా ఒక ఫైబర్ బోటు చేసుకుందామని చూస్తన్నాం. కొత్తది ఇంజినూ వలలూ కలిపి తీసుకోవాలంటే మా వల్ల అయ్యే పని కాదు. ఇంతలో ఒక బ్యాంకు వాళ్లు లోను కట్టలేదని జప్తు చేసిన బోటుకి వేలం నోటీసు ఇచ్చారు, రిజర్వు ధర 2 లక్షల 40 వేలు, అందులో పది శాతం ముందు ధరావత్తు కట్టాలంట. బోటు మా ఊరికి దక్షిణాన ఒక పల్లె ఒడ్డున ఇసకలో ఉండాది, పోయిన వేట నిషేధం ముందు నించీ నీళ్లు ముట్టలేదంట. మా బావ పాడెయ్ పాడెయ్ అంటన్నాడు, మా నాయనేమో ఒకడి నోటికాడ కూడు మనకెందుకురా అని వద్దంటే వద్దంటన్నాడు. ఏం చేయమంటారు?

మైపాడు రేవు
తమ్ముడూ కళ్లు మూసుకుని పాడెయ్. మా తట్టు సెకండ్ హ్యాండ్ బోట్లు ఎన్ని లేవు, చెన్నై కాశిమేడు రేవు నించి తెచ్చుకుని ఏళ్ల తరబడి ఆడిస్తన్నారు. ఫైబరేగా, చెక్క పడవ మాదిరి పురుగు తినేది కాదు. ఇంకో మాట, వేలం గనక ఏప్రిల్ 15 నించి జూన్ 14 మధ్యలో పడితే ఇంకా మంచిది, ఆ 61 రోజులూ వేట ఉండదు, ఎవడి చేతిలోనూ డబ్బాడదు, పాడేవాడే ఉండడు. దళారికి ఇచ్చే కమీషను కూడా మిగులుద్ది. ఇట్టాంటి అదును మళ్లీ రాదు.

ఒంగోలు కోర్టు వీధి
కళ్లు మూసుకుని మాత్రం పాడొద్దు తమ్ముడూ, ముందు ఆ నోటీసు మొత్తం చదువు. ఏ చట్టం కింద అమ్ముతున్నామని రాశారో చూడు. ఇల్లో స్థలమో అయితే బ్యాంకులు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టుకి పోకుండా నేరుగా అమ్ముకోవచ్చు. కానీ అదే చట్టం 31వ సెక్షన్‌లో మినహాయింపులు ఉన్నాయి, వాటిలో ఒకటి ఓడలూ పడవల మీద పెట్టిన తాకట్టు. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టంలో ఓడ అంటే ఏంటో చెప్పిన నిర్వచనాన్నే అక్కడ తీసుకున్నారు, ఆ నిర్వచనంలో బోటు కూడా ఉంది. కాబట్టి నోటీసు మీద సర్ఫేసీ అని ఉంటే రేపు పాత ఓనరు కోర్టుకెక్కితే నీ డబ్బు కట్టి నువ్వు కూర్చోవాల్సి వస్తుంది. లోను ఒప్పందంలో స్వాధీనం చేసుకుని అమ్ముకునే హక్కు రాసుకుని ఉంటే అదొక దారి, కోర్టు డిక్రీ మీద వేలం అయితే ఇంకో దారి. ఏదనేది బ్యాంకు చేత కాగితం మీద రాయించుకో, నోటిమాట వద్దు.

పెద్ద మరబోట్లయితే 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం ఉంది, దాని కింద హైకోర్టు అమ్మితే పాత అప్పులేవీ లేకుండా శుభ్రంగా నీ పేరుకి వస్తుంది. మిగతా అమ్మకాల్లో ఆ రక్షణ ఉండదు. కలాసీల, అంటే బోటు మీద పనిచేసేవాళ్ల, జీతం బాకీ ఉంటే అది బోటునే అంటిపెట్టుకుని ఉంటుంది, రెండేళ్ల దాకా. ఓనరు మారినా సరే.

జువ్వలదిన్నె మెకానిక్కు
కాగితాల సంగతి ఆయన చెప్పాడు, నేను బోటు సంగతి చెప్తా. ఫైబర్‌ని పురుగు తినదు అనేది నిజమే గానీ ఫైబర్ లోపల ఉండేది చెక్కే గదన్నా. మొదట బోటు వెనక భాగం, అదే అమరం, దాని కాడికి పో. ఇంజిన్ బిగించే పలక లోపల ప్లైవుడ్ ఉంటది, పైన ఫైబర్ పూత. బోల్టులకి కొట్టిన బొక్కల్లోనించి నీళ్లు దిగీ దిగీ లోపల చెక్క మెత్తబడిపోతది, పైకి మాత్రం రంగు నిగనిగలాడతా ఉంటది. చిన్న సుత్తి తీసుకుని జానెడు జానెడుకీ కొట్టుకుంటా రా. బాగున్న చోట టంగుమని పలుకుద్ది, కుళ్లిన చోట మొద్దుగా వినపడుద్ది. ఒక్క బోల్టు ఊడదీయనివ్వమని అడుగు, ఆ బొక్కలోనించి గోధుమరంగు నీళ్లు కారినాయంటే పలక మొత్తం కోసి కొత్తది కట్టాల్సిందే, అతుకులేస్తే నిలబడదు, నడి సముద్రంలో ఇంజిన్ ఊడి చేతికొస్తది.

తర్వాత బోటు అడుగుభాగం చూడు. ఒక పక్కకి వాలిపోయి ఉంటే రెండో పక్క కనపడదు, మనుషుల్ని పెట్టి అయినా తిప్పించు. ఒడ్డుకి లాగీ లాగీ మధ్యలో అరిగి పోగులు బయటికొచ్చుంటాయి, అది పెద్ద ఖర్చు కాదు, కట్టుకోవచ్చు. పొక్కులు ఉంటే మాత్రం ఒకటి గుచ్చి వాసన చూడు, వెనిగర్ మాదిరి పుల్లటి వాసన కొట్టే నీళ్లు వస్తే ఫైబర్ పొరల్లోకి నీళ్లు చేరినట్టు. అట్టాంటిది నేనైతే తీసుకోను.

ఇంజిన్ సంగతి ఇంకా ఘోరం. జప్తు చేసినోళ్లు బోటుకి తాళం వేస్తారే గానీ ఇంజిన్‌ని మంచినీళ్లతో కడగరు. లోపల ఉప్పు అట్టే పేరుకుని నీళ్లు తిరిగే దారులు మూసుకుపోతాయి. తాడు చుట్టి చేత్తో తిప్పు, కదలకపోతే పిస్టన్ పట్టేసినట్టే. కింద ప్రొపెల్లర్ కాడ గేరు ఆయిల్ బోల్టు వదులు చెయ్, ఆయిల్ పాలు పోసిన టీ రంగులో వస్తే సీలు పోయి నీళ్లు దిగినాయి. ఇంకా ముఖ్యం, ఇంజిన్ నంబరు నోటీసులో ఉన్న నంబరుతో కలుస్తదా లేదా చూడు. తాళం వేసేలోపలే మంచి ఇంజిన్ విప్పుకుని పాత డబ్బా బిగించి పెట్టిన బోట్లు నా చేతిమీదుగా పోయినాయి. జీపీఎస్సూ, చేపలు చూసే మిషనూ, వైర్‌లెస్సూ ఉంటాయని ఆశ పెట్టుకోబాక.

అందుకని లెక్క వెనక నించి కట్టు. నీ దగ్గర మొత్తం ఎంత ఉంది, అందులోనించి ఇంజిన్ కొత్తది కొనాలనే అనుకుని దాని ధర తీసెయ్, పలక పని తీసెయ్, ట్రాక్టర్ బాడుగ తీసెయ్, వలలు తీసెయ్. మిగిలిందే నీ పాట. పోటీలో ఎదుటోడు పెంచాడని నువ్వు పెంచావంటే ఇంకేం చేయలేం.

అల్లూరు తీరం
ఇంతసేపు కాగితాలూ బోల్టులే మాట్లాడారు. బోటు ఉన్నది ఎవరి ఒడ్డున? ఆ ఊరి కాపుల్ని, అదే పల్లె పెద్దల్ని, అడిగారా ఎవరన్నా? మా పల్లెల్లో ఒకడి బోటు అప్పుకి పోయిందంటే దాన్ని ఊళ్లో ఇంకొకడు పాడడు, అది ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు. దురాయి, అంటే ఊరి కట్టుబాటు, వేసి ఉంటే బయటోడు పాడినా ఆ ఒడ్డున దాన్ని నీళ్లలోకి తోసేదానికి ఒక్క చెయ్యి కూడా సాయం రాదు. ఇంకోటి కూడా ఉండాది, బ్యాంకు అప్పు ఒకటే అనుకోబాకండి. ఆ ఓనరు చేపల వ్యాపారి దగ్గర మదుపు, అంటే ముందుగా అప్పు, తీసుకుని ఉంటాడు, పట్టిందంతా ఆయనకే వెయ్యాలి అనే లెక్కన. ఆ బాకీ ఏ నోటీసులోనూ ఉండదు. బోటు నీదయ్యాక ఆ వ్యాపారి వచ్చి నిలబడితే నువ్వు ఏ కాగితం చూపిస్తావు? మీ నాయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం.

కావలి మాస్టారు
అల్లూరు అన్నా, మీ ఊరి కట్టుబాటు మీద గౌరవం ఉంది కానీ ఒక్క విషయం ఆలోచించండి. బోటు అమ్మగా వచ్చిన డబ్బు అప్పుకి చాలకపోతే మిగిలింది ఎవరు కట్టాలి? ఆ ఓనరే కదా. తెలిసినవాళ్లు ఎవరూ పాడకపోతే పాతిక కిలోమీటర్ల అవతల నించి వచ్చిన సామాన్ల వ్యాపారి రిజర్వు ధరకే ఎత్తుకుపోయి ఇంజిన్ విప్పి అమ్ముకుంటాడు, ఇక్కడ ఈయన నెత్తిన బాకీ అట్లాగే ఉంటుంది, వడ్డీతో సహా. న్యాయమైన ధరకి సాటి వేటగాడు పాడితే ఆ కుటుంబానికి బరువు తగ్గుతుంది. ఊరంతా చేతులు కట్టుకుని నిలబడటం వల్ల ఆయనకి ఏం మేలు జరిగిందో నాకు అర్థం కావట్లేదు.

అల్లూరు తీరం
మాస్టారూ లెక్కలో మీరు చెప్పింది కరెక్టే. కానీ పాడేవాడు లేక వేలం రెండుసార్లు వాయిదా పడితే బ్యాంకోడే పిలిచి, ఒకేసారి ఇంత కడితే అప్పు తీరినట్టే అనే వన్ టైమ్ సెటిల్‌మెంటుకి వస్తాడు, అప్పుడు చుట్టాలు తలా కొంత వేసి బోటు విడిపించుకున్నోళ్లూ ఉన్నారు. బోటు పోతే అప్పు ఒక్కటే కాదు, ఆ మనిషి మళ్లీ ఇంకొకడి బోటు ఎక్కి కలాసీగా పోవాల. అది మీకు ఒడ్డున కూర్చుంటే కనపడదు.

మైపాడు రేవు
అట్టాగని బోటు ఇసకలో కుళ్లిపోతా ఉంటే చూస్తా కూర్చుందామా అన్నా. ఒక్క వానాకాలం అట్టాగే పడుంటే తర్వాత విడిపించుకున్నా ఓనరుకి పనికొచ్చేదేముంది. మెకానిక్ అన్న చెప్పిన మాదిరి చూసుకుని పాడితే తప్పేం లేదు, నా మాట మీదే ఉన్నా.

ఒంగోలు కోర్టు వీధి
ఇంకొకటి మర్చిపోకముందే. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద తీసుకున్న బోటేమో కనుక్కో, అందులో 40 శాతం, మహిళలకీ ఎస్సీ ఎస్టీలకీ 60 శాతం సబ్సిడీ ఉంటుంది, అట్లాంటి బోటు చేతులు మారాలంటే మత్స్యశాఖ మాట కావాలి. రిజిస్ట్రేషన్ రియల్‌క్రాఫ్ట్ పోర్టల్‌లో ఉంటుంది, మత్స్యశాఖ ఆఫీసుకి పోయి బోటు నంబరు చెప్పి ఎవరి పేరున ఉందో, తాకట్టు ఉందో లేదో చూడమను. అమ్మకం సర్టిఫికెట్టూ, తాకట్టు తీసేసినట్టు బ్యాంకు లెటరూ రెండూ ఉంటేనే నీ పేరుకి మారుతుంది. వేట లైసెన్సు నువ్వు విడిగా తీసుకోవాలి. నీ పేరున కాగితం లేకపోతే లీటరుకి 9 రూపాయల డీజిల్ రాయితీ కూడా నీకు అందదు.

కొత్తపట్నం కుర్రోడు
అందరికీ చాలా థ్యాంక్స్ అన్నా. చూసుకునేదానికి బ్యాంకు ఇచ్చిన తేదీన పోయొచ్చాం. అమరం పలక గట్టిగానే పలికింది, బోల్టు తీసినా నీళ్లు రాలేదు. ఇంజిన్ నంబరు మాత్రం నోటీసుతో కలవలేదు, అడిగితే ఎక్కడున్నది అక్కడే ఎలా ఉన్నది అలాగే అని నోటీసులో రాశాం గదా అంటన్నారు. ఏ చట్టం కిందో రాసివ్వమని లెటర్ పెట్టా, ఇంకా రాలేదు, అది వచ్చేదాకా ధరావత్తు కట్టను. కడితే మాత్రం ఇంజిన్ లేదనుకుని ఖాళీ తొట్టె ధరకే పాడతా, దాని మీద ఒక్క వెయ్యి కూడా పోను. మా నాయన నిన్న ఆ ఊరు పోయి ఓనరునే కలిశాడు. ఆయన, ఎవరో ముక్కలుగా అమ్ముకునే బదులు మీరు పాడుకోండి, ఆడించుకోండి అన్నాడంట. వ్యాపారి మదుపు కూడా కొంత ఉందని ఆయనే చెప్పాడు. ఇప్పుడు మా నాయన కొంచెం మెత్తబడ్డాడు.

అల్లూరు తీరం
మీ నాయన పోయి కలవటం చాలా మంచి పని, వేలంలో పాడేవాళ్లు ఎవరూ ఆ పని చెయ్యరు. ఆ మాట ఇంట్లో కాదు, కాపుల ముందు అనిపించండి, మదుపు పెట్టిన వ్యాపారిని కూడా ఆ రోజే పిలిపించండి. ఆయన అక్కడ కూడా పాడుకోమంటే నాకు అభ్యంతరం లేదు. నేనైతే అప్పటికీ పాడను.