మానసిక ఇబ్బందులున్న పిల్లల పేరెంట్స్ గ్రూప్: ఐదుగురం ఉన్నప్పుడు బానే ఉండేది, ఇప్పుడు తొంభై మంది. రిజిస్టర్ చెయ్యాలా వద్దా?

బరంపురం_అమ్మ:

అందరికీ నమస్కారమండి. మాది బరంపురం, ఒడిశా. కొంచెం పెద్ద పోస్టే, ఓపికుంటే చదవండి.

మా పాప పదేళ్లప్పుడు కనుబొమ్మలు పీక్కోడం మొదలెట్టింది. ఒక్కో వెంట్రుకా. హోంవర్క్ చేస్తా, టీవీ చూస్తా, తనకే తెలీకుండా. రోజూ స్కూల్ బస్ వచ్చే ముందు నేను కాటుక పెన్సిల్‌తో రెండు వైపులా దిద్ది పంపేదాన్ని, మధ్యాహ్నానికి చెమటకి కారిపోయి బుగ్గల మీదకి వచ్చేసేది. ఇంట్లో దిష్టన్నారు, అత్తగారు గుణియా (భూతవైద్యుడు) దగ్గర తాయెత్తు కట్టించారు, అలా ఒక ఏడాది పోయింది. ఒకరోజు స్కూల్ గేటు దగ్గర ఇంకో అమ్మ నన్ను పక్కకి పిలిచి, "అప్పా, పాపకి కనుబొమ్మలు మీరే గీస్తారు కదా, మా వాడు జుట్టు పీక్కుంటాడు, నేను టోపీ పెట్టి పంపుతాను" అంది. ఎండాకాలం వానాకాలం లేకుండా టోపీ పెట్టుకొచ్చే ఆ పిల్లడ్ని ఏడాదిగా చూస్తున్నాను, ఎందుకో అని ఒక్కసారి కూడా అనుకోలేదు చూడండి.

అలా ఇద్దరం, తర్వాత ఐదుగురం. ఆదివారం నాలుగింటికి మా అరుగు మీద, టీ, బరా, ఘుగుని. చేసేది పెద్దగా ఏంలేదు. కొత్తగా వచ్చినవాళ్లతో ఒకరం సైకియాట్రీ ఓపీకి తోడెళ్తాం. భాష కూడా ఒక సమస్య, డాక్టర్ పిల్లల్ని ఒడియాలో "మన ఖరాప్ లాగుచి కి" (మనసు బాలేదా) అని అడుగుతారు, పిల్ల లేదంటుంది, కానీ ఇంట్లో నానమ్మకి మాత్రం తెలుగులో "గుండెల్లో దడదడలాడతంది" అని చెప్పుంటుంది, ఆ మాట మేం డాక్టర్‌కి చేరేస్తాం, సగం పని అదే.

ఇప్పుడు వాట్సాప్‌లో తొంభై మంది దాటారు. గుడ్ మార్నింగ్ పువ్వులు, మెదడుకి లేహ్యం అమ్మేవాళ్లు, ఆటిజం పిల్లల పేరెంట్స్ ఒకపక్క, భయాలూ దిగులూ ఉన్న పిల్లల పేరెంట్స్ ఒకపక్క, "మీకేటి కష్టం" అని మాటలు. మొన్న ఒకావిడ వాళ్లబ్బాయి టాబ్లెట్ షీటు ఫోటో పెట్టింది, ఇంకొకావిడ అదే కొనుక్కొచ్చి వాళ్ల పాపకి సగం వేసేసింది, పిల్ల మర్నాడంతా మత్తుగా పడుంది. అదృష్టం బాగుండి ఇంకేం కాలేదు. ఆ వారంలోనే రాత్రి ఒంటిగంటకి ఒకమ్మ ఫోన్, కొడుకు చచ్చిపోతానంటున్నాడని. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఈ గొడవల్లో ఉండగా ఒక కంపెనీ సీఎస్ఆర్, అదే సేవా పనులకి కంపెనీ ఇచ్చే డబ్బు, చూసే ఆయన వచ్చాడు. రిజిస్టర్ చేసేయండి, డబ్బులిప్పిస్తాను, ముందు పిల్లలతో బ్యానర్ పట్టుకుని ఒక గ్రూప్ ఫోటో పంపండి అంటాడు. సగం మందికి ఆశ, సగం మందికి భయం. ఏటి చెయ్యమంటారు?

పర్లాకిమిడి_నాన్న:

చెల్లెమ్మా, ముందు ఆ సీఎస్ఆర్ ఆయన సంగతి. ఇవాళ రిజిస్టర్ చేస్తే రేపు డబ్బు వస్తుందన్నది జరిగే పని కాదు. కంపెనీ డబ్బు తీసుకోవాలంటే సంస్థకి ఇన్‌కమ్ టాక్స్ వాళ్లిచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 ఫారం కూడా వేసి నంబర్ తెచ్చుకోవాలి, పైగా అదే రకం పని మూడేళ్లు చేసిన రికార్డు చూపించాలి. అరుగు మీద చేసిన మూడేళ్లు లెక్కలోకి రావు, కాయితం మీద ఉన్నవే. ఆయనకి కావలసింది ఆ ఫోటో మాత్రమే అని నా అనుమానం.

రిజిస్ట్రేషన్ వేరే మాట. అది డబ్బు కోసం కాదు, రేపు మీరు ఊరు మారినా పని ఆగకుండా ఉండడానికి. 1860 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే చాలు. కానీ ఆ ఏడుగురూ ఎవరన్నదే అసలు గొడవ. మేం ఇక్కడ కొందరం నాన్నలం మొదలెట్టినప్పుడు గౌరవం కోసమని ఒక రిటైర్డ్ ఆఫీసర్ గారిని ప్రెసిడెంట్‌గా పెట్టుకున్నాం, పెద్దమనిషే, కాదనను, కానీ ఆయనింట్లో అలాంటి పిల్లలు లేరు. ఏడాది తిరిగేసరికి మీటింగులన్నీ సన్మానాలైపోయాయి, శాలువాల ఖర్చే ఎక్కువ. బైలాస్‌లో, అదే సంఘం నియమాల్లో, ఒక్క ముక్క రాయించుకోండి, కమిటీలో ఎక్కువమంది ఈ కష్టం ఇంట్లో ఉన్న తల్లీ తండ్రీ అయ్యుండాలని. తర్వాత మారుద్దాంలే అంటే మారదు.

ఇంకోటి. మీ గ్రూపులో ఆ రెండు వర్గాల కీచులాట కొత్తదేం కాదు. అమెరికాలో 1979లో మాడిసన్ అనే ఊళ్లో మానసిక జబ్బులున్నవాళ్ల కుటుంబాలవాళ్లు కలిసి నామీ అని సంస్థ పెట్టారు, ఇప్పుడది దేశమంతా ఉంది. అయితే అందులో ఎక్కువ మంది పెద్దవాళ్లయిపోయిన పిల్లల తల్లిదండ్రులు. స్కూలుకెళ్లే వయసు పిల్లల బాధ వేరు కదా, వాళ్ల కోసమని 1989లో ఫెడరేషన్ ఆఫ్ ఫ్యామిలీస్ అని విడిగా ఒకటి వచ్చింది. మన దేశంలో 1995లో వచ్చిన పరివార్ చూడండి, ఊళ్లల్లో ఉన్న తల్లిదండ్రుల సంఘాలు కలిసి కట్టుకున్న సమాఖ్య అది, ఏ ఊరి సంఘం ఆ ఊరిదే. తొంభై మందిని ఒకే గ్రూపులో కుక్కి కాపలా కాయడం మీవల్ల కాదమ్మా. విడగొట్టండి.

రైల్వే_క్వార్టర్స్:

తప్పుగా అనుకోవద్దు, కానీ డాక్టర్లున్నారు, ఆస్పత్రులున్నాయి, వీళ్ల మధ్యలో అమ్మల సంఘం దేనికండీ. టాబ్లెట్ వేసిన సంగతి మీరే రాశారు, చదువు లేని వైద్యం ఇలాగే ఉంటుంది. గ్రూపు మూసేయడం మంచిదని నా అభిప్రాయం.

బరంపురం_అమ్మ:

టాబ్లెట్ విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్లూ నిజం, తప్పు మాదే. కానీ అన్నయ్యా, డాక్టర్ గారు నా కూతుర్ని నెలకోసారి పది నిమిషాలు చూస్తారు, ఆయన్ని అనడం లేదు, బయట క్యూ అలాగుంటుంది. మిగతా నెలంతా నాతోనే ఉంటుంది కదా. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రప్పుడు డప్పులకి చెవులు మూసుకుని మంచం కిందకి దూరిన పిల్లాడి చేత మొక్కుందని పులి వేషం కట్టించాల్సిందే అని ఇంట్లో పట్టుబడితే, మామగారికి ఎలా నచ్చచెప్పాలో ఓపీ చీటీ మీద రాయరు. ఆ అమ్మకి ఇంకో అమ్మే చెప్పింది, "మా ఇంట్లో వేషం దేవి కాళ్ల దగ్గర పెట్టి దండం పెట్టించాం, మొక్కు తీరిపోయిందన్నారు" అని. గ్రూపు మూస్తే ఆ మాట ఎవరు చెప్తారు?

సిరోంచ_పోరి:

అక్కా మాది సిరోంచ, మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా. మీ తాన ఒడియా, మా తాన మరాఠీ, గంతే తేడా. జిల్లా దవాఖానకు పోవాల్నంటె రెండొందల కిలోమీటర్ల దాక ఉంటది, గోదారి దాటితే తెలంగాణ దగ్గర, గందుకే సగం మంది అటే పోతరు. మా తమ్ముని కోసం మా అమ్మ తిరగని తిరుగుడు లేదు.

నేను చెప్పేది ఫోటో ముచ్చట. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంల 24వ సెక్షన్ చూడుండ్రి, ట్రీట్‌మెంట్‌ల ఉన్నోళ్ల ఫోటో గాని ముచ్చట గాని వాళ్ల ఒప్పుదల లేకుండ మీడియాకు ఇయ్యొద్దని ఉన్నది. పిల్లల తరఫున అమ్మనాయిన సంతకం పెడ్తరు గదా అంటరు. పెడ్తరు, కాని రేపు ఆ పిల్లకు సంబంధం చూసేటప్పుడు ఆ ఫోటో ఎవని ఫోన్ల ఉంటదో ఎవలకెరుక? మా తమ్ముని ఫోటో ఒకాయన ఏదో పంపకాలప్పుడు తీసి ఫేస్‌బుక్‌ల ఏసిండు, ఇప్పటికీ బడి పోరగాండ్లు గా ఫోటో చెప్పి ఎక్కిరిస్తరు. వాడు బజారుకు పోడు.

ఇచ్ఛాపురం_టీచర్:

చిన్న మాట మేడం. రాత్రి ఫోన్ మీరొక్కరే ఎత్తకండి, ముందు మీరు పడిపోతారు. టెలిమానస్ అని మానసిక సాయానికి ఫోన్ లైన్ ఉంది, నంబర్ 14416, కేంద్రం 2022 అక్టోబర్ 10న మొదలెట్టింది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఆ నంబర్ గ్రూప్ పేరులోనే పెట్టేయండి, వెతుక్కునే పని ఉండదు. చచ్చిపోతానన్న పిల్లల్ని ఒంటరిగా ఉంచొద్దు, మందులూ పురుగుమందూ చున్నీలూ చేతికందకుండా తీసేయాలి, తెల్లారే దాకా చూద్దాంలే అనుకోకుండా దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకి తీసికెళ్లాలి. ఇది మాత్రం గ్రూపులో ప్రతి అమ్మకీ నోటికి రావాలి. ఇంకోటి, నాన్నలేరండీ మీ అరుగు మీద? పర్లాకిమిడి ఆయన ఒక్కరే కనపడ్డారు నాకు.

బరంపురం_అమ్మ:

అందరికీ చాలా థాంక్స్. నిన్న ఆదివారం కూచున్నాం, పదిహేడు మంది వచ్చారు, టీచర్ గారూ మీరడిగారని చెప్తున్నా, ఇద్దరు నాన్నలు కూడా, ఒకాయన గేటు దగ్గరే బండి మీద కూచుని విన్నాడు, దిగలేదు, అయినా లెక్కేసుకున్నాం.

సీఎస్ఆర్ ఆయనకి ఫోటో ఇవ్వం అని చెప్పేసాం, మళ్లీ ఫోన్ చెయ్యలేదు. గ్రూపుని పేటల వారీగా నాలుగు చేస్తున్నాం. మందు పేరు రాస్తే డిలీట్, రెండోసారి రాస్తే తీసేయడం, లేహ్యం ఆవిడైతే నిన్ననే వెళ్లిపోయింది. గ్రూప్ పేరు పక్కన 14416 పెట్టేశాం. రాత్రి ఫోన్లకి వారానికొకరం. రిజిస్ట్రేషన్ మాత్రం చేద్దామనే అనుకున్నాం, తొందర లేదు, ఏడుగురి పేర్లు రాయడం మొదలెడితే ఐదు దగ్గర ఆగిపోయాం, ఊళ్లో పేరు బయటపడుతుందని ఇద్దరు వెనక్కి తగ్గారు. వాళ్లనేం అనలేను, మొదట్లో నేనూ అంతే.

మా పాప ఇప్పుడు ఎనిమిదో క్లాసు. కనుబొమ్మలు పూర్తిగా రాలేదు, ఎడమది ఇంకా పల్చగానే ఉంది, కానీ పెన్సిల్ తనే వాడుకుంటుంది, నాకంటే బాగా గీస్తుంది కూడా.

పర్లాకిమిడి అన్నయ్యా, ఆ బైలాస్ ముక్క మీరు ఎలా రాయించారో ఫోటో తీసి మెసేజ్ పెడతారా? మీ పేర్లు కనపడకుండా మడిచి తీయండి.