అప్‌డేట్: క్రిస్మస్ పెట్టె కుదిరింది

ఐదారేళ్ల పిల్లలకు క్రిస్మస్‌లో ఇవ్వడం ఎలా అలవాటు చేయాలని అడిగాను కదా, మీరు చెప్పిన అట్టపెట్టె పద్ధతే పనిచేసింది: ఇంట్లో ఒక పెట్టె పెట్టి, రోజూ కొంచెం నింపి, పండగకు ముందు హాస్టల్ పిల్లలకు ఇవ్వడం. డిసెంబర్ 1 నుంచి రోజుకో వస్తువు: అరకిలో కందిపప్పు, సబ్బు, పెన్సిళ్లు, బిస్కెట్లు. కొట్లో ఎంచేదీ, పెట్టెలో వేసేదీ మన పిల్లలే. పెద్దలు కొని వేస్తే వాళ్లకది ఇంకో సరుకుల సంచి, అంతే.

సబ్బులు వేరే కవర్లో కట్టండి, లేకపోతే బిస్కెట్లకు ఆ వాసన పట్టేస్తుంది. తినేవాటి గడువు తేదీకి ఇంకా కనీసం 2 నెలలు ఉండాలి. 24 దాకా ఆగొద్దు. పండగ సెలవులకు హాస్టల్ పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతారు, 18లోపే చేర్చాలి. ముందే వార్డెన్‌ని అడగండి. కేకులు చాలామంది తెస్తారు, కొబ్బరినూనె, దువ్వెనలు గుర్తురావు. మన పిల్లల్ని సొంత బొమ్మ ఇమ్మని బలవంతపెడితే మాత్రం విరిగినదే తెచ్చి పెడతారు! ఇచ్చేటప్పుడు ఫొటోలు వద్దు.